నిమ్మకాయలు తొక్కించాం, బ్రేకు నేర్పలేదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను జ్ఞాపకాలు చెప్పమన్నారు. వేపచెట్టు, ఇనుప పట్టా గంట, ఒంటిపూట బడి, లెక్కల మాస్టారి బెత్తం అన్నీ నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నాకేమీ మిగల్చలేదు. అయినా నేను మోటారు సైకిలు గురించి మాట్లాడతానని కార్యదర్శి గారికి ముందే చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "స్వర్ణోత్సవంలో మోటారు సైకిలేమిటయ్యా?" అన్నారు. ఎందుకో చెబుతాను.

పోయిన వేసవిలో కమిటీ మీటింగు జరిగింది. మా బ్యాచ్ మిత్రుడొకడు, మంచి మనసున్నవాడు, పదో తరగతిలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడికో పిల్లకో ఏటా ఒక మోటారు సైకిలు బహుమతిగా ఇస్తానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. వద్దన్నాను. వాడు నొచ్చుకున్నాడు. "ఇచ్చేవాణ్ణి నేనైతే మధ్యలో నీకేమిట్రా?" అన్నాడు. ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ వాడు రెండో వరసలో కూర్చున్నాడు. ఈ ప్రసంగం అందరికోసమే గానీ, ముందుగా వాడికి.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పదో తరగతి పాసయ్యే పిల్లలకు పదిహేనేళ్లు ఉంటాయి. గేరు బండికి లైసెన్సు రావాలంటే 18 నిండాలి. 50 సీసీ లోపు, గేర్లు లేని బండికైతే 16. మైనరు బండి నడిపి నేరం జరిగితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి ఇచ్చిన తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లొచ్చే దాకా లైసెన్సు ఇవ్వరు. అంటే మనం ఇచ్చే బహుమతి ఆ ఇంటికి చేటు తెచ్చినా తేవచ్చు. అయితే నా అభ్యంతరం చట్టం గురించి కాదు. పద్దెనిమిది నిండినవాడికి బండి కొనిచ్చి నేనేం చేశానో చెప్పాలి మీకు.

2016లో మా అక్క కొడుక్కి ఇంజనీరింగులో మంచి కాలేజీలో సీటు వచ్చింది. మేనమామనుగదా, "ఏం కావాల్రా?" అన్నాను. బండి పేరు చెప్పాడు. పేరు ఇక్కడ అనవసరం, తప్పు బండిది కాదు. 200 సీసీ, ముందుకు వంగి నడిపేది. అదే బండి ఏబీఎస్‌తో కావాలంటే మరో పది వేల పైచిలుకు అవుతుందన్నాడు షోరూము కుర్రాడు. ఎందుకులే అన్నాను. ఆ డబ్బుతో వాడికి తోలు జాకెట్టు, బండికి స్టిక్కర్లు కొన్నాం. ఆంజనేయస్వామి గుడి ముందు పూజ చేయించాం. కొబ్బరికాయ కొట్టాం, పూలదండ వేశాం, రెండు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. పూజారి గారికి దక్షిణ ఇచ్చాం. వాడు ఆఫీసులో ఎనిమిది అంకె తిప్పి లైసెన్సు తెచ్చుకున్నాడు. నేనూ అలాగే తెచ్చుకున్నాను, మీలో చాలామందీ అలాగే తెచ్చుకుని ఉంటారు.

నలభై ఒకటో రోజు సాయంత్రం, కాలవ గట్టు రోడ్డు మీద, పక్క డొంకలోంచి గడ్డి ట్రాక్టరు అడ్డంగా వచ్చింది. మావాడి వెనక వాడి స్నేహితుడు కూర్చున్నాడు. ఇద్దరికీ కలిపి ఒకటే హెల్మెట్. అదీ మావాడి మోచేతికి తగిలించి ఉంది.

మావాడికి తొడ ఎముక విరిగింది, రాడ్డు వేశారు. ఇప్పటికీ కొంచెం కుంటుతాడు. ఆ రెండో పిల్లవాడు 23 రోజులు ఐసీయూలో ఉన్నాడు. బతికాడు. బీకాం చదువుతూ ఉండేవాడు, మళ్లీ కాలేజీకి వెళ్లలేదు. మాట వస్తుంది గానీ వెతుక్కుని వెతుక్కుని వస్తుంది. వాళ్ల నాన్న కిరాణా కొట్లో కూర్చుంటాడు. ఆ తండ్రి మమ్మల్ని ఇవాల్టి దాకా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మా అక్క మాత్రం ఆసుపత్రి వరండాలో ఒక మాట అడిగింది. "తమ్ముడూ, మీ ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాడికి మిషను ఇట్లాగే ఇస్తావా?"

నేను పనిచేసేది పెద్ద యంత్రాల కర్మాగారంలో. క్రేను ఎక్కే కుర్రాణ్ణి వారాల తరబడి పాతవాడి పక్కన కూర్చోబెట్టి, పరీక్ష పెట్టి, కాగితం మీద సంతకం పెట్టించుకుని గానీ లివరు ముట్టుకోనివ్వం. ఆ క్రేను నడిచి వెళ్లే మనిషంత వేగంతో కదులుతుంది. మా మేనల్లుడికి నేనిచ్చింది వంద దాటే యంత్రం. ఇచ్చిన శిక్షణ కొబ్బరికాయ.

రెండు రోజులు పోయాక టేపు తీసుకుని ఆ చోటుకు వెళ్లాను. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే చేసే పని అదే, ఇంకేం చెయ్యాలో తోచలేదు. రోడ్డు మీద నల్లగా ఒకే ఒక్క గీత ఉంది. వెనక టైరుది. 22 మీటర్లు. ముందు చక్రం ఆనవాలే లేదు. పడుతున్న క్షణం దాకా వాడు కాలి బ్రేకు మీద నిలబడ్డాడు, చేతి బ్రేకు ముట్టుకోలేదు. మంచం మీదున్న వాణ్ణి అడిగితే, "ముందు బ్రేకు పడితే పల్టీ కొడుతుందని నువ్వే చెప్పావుగా మావయ్యా" అన్నాడు.

నిజమే. నేనే చెప్పాను. నాకు 1986లో మా చిన్నాన్న కొడుకు చెప్పాడు. నాన్నగారి రాజ్‌దూత్ మీద, ఇదే కాలవ గట్టు మీద, పది నిమిషాల శిక్షణ. "ఇది క్లచ్చు, ఇది గేరు, ముందు బ్రేకు జోలికి పోకు." ఆస్తిపాస్తుల్లాగా ఆ మాట మా ఇంట్లో వారసత్వంగా వచ్చింది.

మా సైన్సు మాస్టారు ఇక్కడే ఉన్నారు. మాస్టారూ, మీరు జడత్వం పాఠం చెబుతూ, బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకు ఎందుకు తూలతామని అడిగారు. నేను లేచి జవాబు చెప్పాను, "కూర్చోరా, మంచోడివి" అన్నారు. ఆ పాఠాన్ని ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా బండికి అన్వయించుకోలేదు నేను. బ్రేకు వెయ్యగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత తొక్కితే ఏం లాభం? జారుతుంది, అంతే. బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే.

లెక్క చెబుతాను, ఇంజనీరును పిలిచినందుకు ఈ మాత్రం భరించాలి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. పొడి రోడ్డు మీద, నేర్చినవాడు రెండు బ్రేకులూ సరిగా పడితే 20 మీటర్లలో ఆగుతాడు. ఒక్క వెనక బ్రేకు బిగబట్టి జారితే సుమారు 40 మీటర్లు. మావాడు 60లో ఉన్నానన్నాడు. 22 మీటర్లు జారాక కూడా దాదాపు 40 కిలోమీటర్ల వేగంతో ట్రాక్టరుకు తగిలాడు. రెండు బ్రేకులూ పట్టి ఉంటే ట్రాక్టరుకు రెండు మీటర్ల ఇవతల ఆగేవాడు. ఆ రెండు మీటర్లు ఈ మైకుకూ మొదటి వరసకూ మధ్య ఉన్నంత దూరం.

ఇంకొకటి. చూసి, బుర్రకెక్కి, చెయ్యి కదలడానికి ఒక సెకను పడుతుందనుకోండి. 60లో వస్తున్నవాడు మొత్తం 36 మీటర్ల చిల్లరలో ఆగుతాడు. 80లో వస్తున్నవాడు అదే క్షణంలో అదే బ్రేకులు అంతే బాగా పట్టినా, మొదటివాడు ఆగిపోయిన చోటికి వచ్చేసరికి ఇంకా 60కి పైగా వేగంతో ఉంటాడు. నేను మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు తప్పు చేశాననుకుని మళ్లీ చేశాను. మీరూ ఇంటికెళ్లి చెయ్యండి.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసరు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదాలను చోటుకు వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చాడు. పాతదే, ఊరు వేరే, రోడ్లు వేరే. అయినా చదువుతుంటే మా కాలవ గట్టే కనిపించింది. వాళ్లూ వెనక చక్రం బిగబట్టి జారారు, ముందు బ్రేకు చాలినంత పట్టలేదు. నూటికి 92 మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. మరో ముక్క నన్ను బాగా పట్టుకుంది. ప్రమాదంలో పడ్డవాళ్లలో సగానికి పైగా ఆ ఫలానా బండి మీద అయిదు నెలల అనుభవం కూడా లేనివాళ్లు, మొత్తం మీద నడిపిన అనుభవం దాదాపు మూడేళ్లున్నా సరే. అంటే బండి మారిస్తే పాతవాడూ కొత్తవాడే. నాలాగా యాభై దాటాక పెద్ద బుల్లెట్టు కొనుక్కుని లద్దాఖ్ పోదామనుకునే వాళ్లు కూడా ఇది చెవిన వేసుకోవాలి. ఇక్కడ ముగ్గురు నలుగురున్నారని నాకు తెలుసు.

"మేమంతా ఎవరి దగ్గర నేర్చుకున్నాం, బతకలేదా?" అని అడుగుతారు. ఇందాక దివంగతుల పేర్లు చదివి మౌనం పాటించాం. మా బ్యాచ్ నుంచి అయిదు పేర్లు చదివారు. అందులో ఇద్దరు రోడ్డు మీదే పోయారు, ఇద్దరూ రెండు చక్రాల బండి మీదే. వాళ్లు ఉంటే ఈ ప్రశ్నకు వేరే జవాబు చెప్పేవాళ్లు. కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో ద్విచక్ర వాహనాల వాళ్లు 74,897. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029, వాళ్లలో 14 వేల పైచిలుకు వెనక కూర్చున్నవాళ్లు. ఆ రెండో పిల్లవాడు ఆ లెక్కలో చేరకుండా బయటపడ్డాడు, వెంట్రుకవాసిలో.

2004లో కంపెనీ పని మీద కొన్ని వారాలు జపాన్‌లో ఉన్నాను. మేమున్న చోటికి దగ్గర్లో బండి నేర్పే బడి ఒకటి. సాయంత్రాలు కంచె బయట నిలబడి చూసేవాణ్ణి, అప్పట్లో వినోదంగా. నేర్చుకోవడానికి వచ్చినవాడి చేత ముందు పడుకోబెట్టిన బండిని ఎత్తిస్తారు. ఎత్తలేకపోతే అది వాడి బండి కాదన్నమాట. తర్వాత 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న దిమ్మె మీద నడపాలి. త్వరగా దాటేస్తే మార్కులు పోతాయి. 400 సీసీ లోపు లైసెన్సుకు కనీసం 7 సెకన్లు పట్టాలి, పెద్ద బండికి 10. మనం నేర్చుకునేది వేగంగా పోవడం. అక్కడ నెమ్మదిగా పోవడానికి పరీక్ష. ఇంటికొచ్చాక నేను ప్రయత్నించాను, మూడు సెకన్లకే కిందపడ్డాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం, గమనించండి.

ఇక బండి సంగతి. ఏ బండి కొనాలని తల్లిదండ్రులు నాకు ఫోన్లు చేస్తారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే, కుర్రాళ్లకు నచ్చదు. మొదటి ఏడాది 100 నుంచి 125 సీసీ దాకా, నిటారుగా కూర్చునే బండి. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, మునివేళ్లు కాదు. పడిపోతే వాడే ఎత్తుకోగలగాలి. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండి శక్తి 8 హార్స్‌పవర్ ప్రాంతంలో ఉంటుంది. పిల్లలు అడిగే 200 సీసీ బండ్లకు అది రెండున్నర, మూడు రెట్లు. చెయ్యి వణికి యాక్సిలేటరు కొంచెం ఎక్కువ తిరిగితే మొదటిది మూలుగుతుంది, రెండోది ఎగిరి పడుతుంది. కొత్తవాడి చెయ్యి వణక్కుండా ఉండదు. పాతబండి అయినా ఫర్వాలేదు, గీతలు పడితే ఏడవక్కర్లేదు. అయితే టైర్లూ బ్రేకులూ కొత్తవి వేయించండి. కొత్త బండ్లలో 125 సీసీ దాటితే ఏబీఎస్, ఆ లోపు అయితే ఒక బ్రేకు పడితే రెండో చక్రానికీ అందే సీబీఎస్ తప్పనిసరి చేశారు. 2019 ఏప్రిల్ నుంచి అన్ని మోడళ్లకూ అమలైంది. ఆ లోపు తయారైన పాత బండి కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి. నాలాగా పది వేలు మిగుల్చుకోవద్దు.

వెనక చక్రం పక్కన చీర గార్డు ఉంటుంది. అందం పోయిందని కుర్రాళ్లు విప్పేస్తారు. అది షోకు కోసం పెట్టింది కాదు, నిబంధన. వెనక కూర్చున్న అమ్మ కొంగో చెల్లెలి చున్నీయో చక్రంలో చిక్కుకుంటే ఏమవుతుందో మన ఊళ్లో చూసినవాళ్లున్నారు.

ఆడపిల్లలకు స్కూటరు కొంటాం. నేర్పడమంటే నాన్న వెనక సీటు పట్టుకుని పరిగెత్తడం, "బ్రేకు బ్రేకు" అని అరవడం. అందుకే చాలామంది పిల్లలు రెండు కాళ్లూ కిందికి వేలాడేసి నడుపుతారు. కాళ్లు బ్రేకులు కావని ఎవరూ చెప్పలేదు. వాళ్లకూ ఇదే శిక్షణ కావాలి. మా అమ్మాయికి నేను దగ్గరుండి రెండు నెలలు నేర్పాను. విసుక్కుంది. నేర్చుకుంది.

హెల్మెట్ గురించి ఎక్కువ చెప్పను. ఐఎస్ 4151 అని, బీఐఎస్ ముద్ర ఉండాలి. హైవే పక్కన తాడుకు వేలాడదీసి అమ్మేవి పోలీసులకు చూపించడానికే పనికొస్తాయి. తలకు బిగుతుగా ఉండాలి, బుగ్గలు కొంచెం నొక్కాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. ఒకసారి దెబ్బ తిన్నది పైకి బాగానే కనిపించినా పారెయ్యాలి. ఇంట్లో బండికి రెండు హెల్మెట్లు.

మన రోడ్ల సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు. కోతలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఎండబోస్తాం, చుట్టూ రాళ్లు పెడతాం, ధాన్యం ఎత్తుకుపోతాం, రాళ్లు వదిలేస్తాం. రాత్రి వెనక లైటు లేకుండా నిలబెట్టిన ట్రాక్టరు ట్రక్కు. పొలంలోంచి వచ్చిన టైర్లు వదిలిన బురద, తొలకరి పడితే అది సబ్బు. పొద్దుగూకే వేళ ఇంటికొచ్చే గేదెలు. మలుపులో ఇసుక. కొత్తవాడికి వీటిని పక్కన నిలబడి చూపించాలి. గోతిని తదేకంగా చూస్తే బండి గోతిలోకే పోతుంది, పోవాల్సిన దారిని చూడమని చెప్పాలి. వేగం అందుకున్నాక బండి కుడికి తిరగాలంటే కుడి హ్యాండిలును కొద్దిగా ముందుకు తొయ్యాలి. ఇది వినగానే ఎవరూ నమ్మరు. ఖాళీ గ్రౌండులో ఒకసారి చేస్తే ఒళ్లే నమ్ముతుంది.

ఖాళీ గ్రౌండు అన్నాను కదా, అక్కడికే వస్తున్నాను. హెడ్మాస్టరు గారు పెద్ద మనసుతో మన బడి మైదానాన్ని ఆదివారం ఉదయాలు వాడుకోవడానికి ఒప్పుకున్నారు. పద్దెనిమిది నిండి, లెర్నర్ లైసెన్సు ఉన్న మన బడి పాత పిల్లలకు, అన్నలకూ తమ్ముళ్లకూ తేడా లేదు, నాలుగు ఆదివారాల శిక్షణ. ఆర్టీసీలో డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి రిటైరైన మా సీనియరు వస్తానన్నారు. బజార్లో మెకానిక్కు షాపున్న మా క్లాస్‌మేటు బండ్లు చూస్తాడు. మొదటి ఆదివారం ఇంజను స్టార్టు చెయ్యం. బండిని తోసుకుంటూ నడవడం, పడుకోబెట్టి ఎత్తడం, క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో చేతికి తెలియడం. రెండోది ఇటుకల మధ్య నెమ్మదిగా నడపడం. మూడోది అచ్చంగా బ్రేకులే. ముందు బ్రేకును గుంజకూడదు, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించుకుంటూ పోవాలి. ఇరవైలో, ముప్ఫైలో, నలభైలో, ఒక్కొక్కరూ యాభై సార్లు. నాలుగో వారం ఆర్టీసీ అన్నగారితో కాలవ గట్టు మీదికి.

బహుమతి సంగతి. ఒరే, నిన్న రాత్రి నాకు ఫోన్ చేసి, "బండి డబ్బుకు ఎన్ని హెల్మెట్లొస్తాయిరా?" అని అడిగి పెట్టేశావు. జవాబు చెప్పనివ్వలేదు. ఎనభై వేల బండి, పదిహేను వందల హెల్మెట్ అనుకుంటే యాభై మూడు వస్తాయి. మొదటి ర్యాంకు పిల్లకు పుస్తకాలివ్వు, ఫీజు కట్టు, నీ ఇష్టం. ఈ యాభై మూడూ నీ పేరు మీదే ఇద్దాం. పేరు వద్దంటావని తెలుసు.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు మొదలు. మా మేనల్లుడు కుంటుకుంటూనే వచ్చి నెమ్మదిగా నడపడం నేర్పుతాడు, ఆ పని వాడికి బాగా వచ్చింది ఇప్పుడు. వాడి స్నేహితుడు కూడా వస్తానన్నాడు. బండి ఎక్కడు. వాళ్ల నాన్న ఆ పూట కొట్టు చూసుకుంటానన్నారట. ఇటుకలు సర్దే పని నాకివ్వండి అన్నాడు.